దొమ్మకు దొరికింది, క్షయకు దొరకలేదు

దొమ్మ అంటే ఏమిటో గొర్రెల కాపరికి ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రి బాగానే మేసి వచ్చిన జీవం తెల్లారేసరికి పొట్ట ఉబ్బి, ముక్కుల్లోంచి నల్లటి నెత్తురు కారుతూ పడి ఉంటుంది. తోలు తీయొద్దు, కొయ్యొద్దు, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండని పశువైద్యులు మొత్తుకుంటారు. నష్టం కొంతైనా పూడుతుందని ఎవరో కత్తి పట్టుకుంటారు. నాలుగు రోజులకు ఆ చేతి మీద పొక్కు లేచి, నడుమ నల్లటి చెక్కు కడుతుంది. కొనకనమిట్ల, మార్కాపురం, గిద్దలూరు మెట్టల్లో సేద్యంతో పాటు జీవాలూ బతుకుతెరువే కాబట్టి ఈ భయం పాతదే. డాక్టర్లు దీన్ని ఆంత్రాక్స్ అంటారు. పనిచేసే చోట మనిషికి సోకే అంటుజబ్బుల్లో చట్టం ముందుగా పట్టించుకున్నది దీన్నే.

అయితే అది కాపరి కోసం జరగలేదు, ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల కోసం జరిగింది. పంతొమ్మిదో శతాబ్దం నడిమి కాలం నుంచి ఆ ఊరికి దూరదేశాల మేకబొచ్చు, అల్పాకా ఉన్ని బేళ్ళకు బేళ్ళు దిగేవి. బేళ్ళు విప్పి ఉన్నిని రకాలవారీగా వేరుచేసేవాళ్ళు ఉన్నట్టుండి జ్వరం, ఆయాసంతో రెండు మూడు రోజుల్లో పోయేవారు. 1880 ప్రాంతంలో జాన్ హెన్రీ బెల్ అనే స్థానిక వైద్యుడు ఇది ఆంత్రాక్సేనని తేల్చాడు. 1895 ఫ్యాక్టరీ చట్టం సీసం, భాస్వరం, పాషాణం విషాలతో పాటు ఆంత్రాక్స్‌నూ చేర్చి, ఇలాంటి కేసు చూసిన వైద్యుడు ప్రభుత్వానికి కబురు చేసి తీరాలంది. పని జబ్బుల లెక్క ఒక పద్ధతిలో పడింది ఇక్కడే. 1905 నుంచి ఫ్రెడరిక్ యూరిక్ అనే బాక్టీరియా నిపుణుడు ఏళ్ళ తరబడి ఉన్ని నమూనాలు పరీక్షించి, నెత్తురు మరకలున్న ఉన్నే అసలు ప్రమాదమని కనిపెట్టాడు. దాంతో ఏ బేలు ముట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో చెప్పడం వీలైంది. 1921లో లివర్‌పూల్ రేవులోనే ఉన్నిని శుద్ధి చేసే కేంద్రం పెట్టారు. జబ్బు ఏ పనిలో, ఏ వస్తువు నుంచి వస్తోందో తెలిశాక నివారణ దానంతటదే దారికొచ్చింది.

1919లో వాషింగ్టన్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ కార్మిక సదస్సు ఆంత్రాక్స్ నివారణ మీద ప్రత్యేక సిఫారసు చేసింది. నాలుగేళ్ళకు, 1923లో, మన దేశంలో కార్మిక నష్టపరిహార చట్టం వచ్చింది. అందులోనూ దొమ్మకు పెద్దపీటే. మిగతా వృత్తి జబ్బులకైతే ఒకే యజమాని దగ్గర ఆరు నెలలు వరసగా పనిచేసి ఉండాలన్నారు. ఉన్ని, వెంట్రుకలు, తోళ్ళ పనిలో ఆంత్రాక్స్ వస్తే ఆ గడువు అక్కర్లేదన్నారు. బాగానే ఉంది. కానీ సొంత మందను కాచుకునే కాపరికి యజమాని ఎవరు? పరిహారం ఇవ్వాల్సినవాడు లేడు కాబట్టి అతని పొక్కు ఆ ఖాతాలోకి రాలేదు. జబ్బుకు చట్టంలో చోటు దొరికినా మనిషికి దొరకలేదన్నమాట.

మార్కాపురం మెట్టలకు పేరు తెచ్చినవి గొర్రెలు కాదు, పలకలు. మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దని తెలుగువాడు ఒకప్పుడు అరుదు. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాతి పొరలకు పక్కనున్న కంభం పేరే పెట్టారు. గనిలోంచి తీసిన రాతిదిమ్మ పొర వెంట ఉలి ఆనించి సుత్తితో మెల్లిగా కొడితే రేకులుగా విడిపోతుంది. ఆ రేకును కొలతకు కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగిస్తే బడిపలక. పెద్దవి కోస్తే గోడలకూ నేలకూ పరిచే బండ. కోతలో, రుద్దుడులో లేచే సన్నదుమ్ములో సిలికా ఉంటుంది. నీళ్ళు పోస్తూ కోస్తే దుమ్ము చాలావరకు అణుగుతుంది, కానీ ఈ కరువు నేల మీద తాగడానికే నీళ్ళు వెతుక్కోవాలి.

సిలికా దుమ్ము అంటుజబ్బు కాదు, అంటుజబ్బుకు తలుపు తీస్తుంది. ఊపిరితిత్తుల్లోకి వచ్చిన దుమ్మునూ క్రిమినీ మింగి పడేసే కణాలు మనకుంటాయి. సిలికా రేణువును మింగిన కణం తానే చచ్చిపోతుంది. క్షయ క్రిమిని అడ్డుకోవాల్సిందీ ఆ కణమే. అందుకే సిలికోసిస్ ఉన్నవాళ్ళకు క్షయ ముప్పు మామూలువాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చిక్కేమిటంటే ఛాతీ ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనబడొచ్చు. తెమడలో క్రిమి దొరక్కపోయినా క్షయ మందులు మింగుతూ తిరిగే రాతిపనివాళ్ళు ఉండేది అందుకే.

ఈ జంట జబ్బును లెక్కలోకి తెచ్చినది దక్షిణాఫ్రికా బంగారు గనులు. 1911లో పరిహార చట్టం చేసి, 1916లో ప్రత్యేక వైద్య మండలి పెట్టారు. గనిలో చేరేటప్పుడు పరీక్ష, చేరాక నియమితంగా పరీక్ష, జబ్బు తేలితే పరిహారం. అందులోనూ తెల్ల కార్మికుడికి ఒక పద్ధతి, నల్లవాడికి ఇంకో పద్ధతి. మనకు దగ్గర్లోనే, తెలుగు, తమిళ కూలీలు చెమటోడ్చిన కోలారు బంగారు గనుల్లో 1940ల్లో వేలమందిని పరీక్షిస్తే నలభై శాతానికి పైగా సిలికోసిస్ తేలింది. కంపెనీ ఉంది, ఆస్పత్రి ఉంది, హాజరుపట్టీ ఉంది. కాబట్టి లెక్క తేలింది.

మన మెట్టల్లో లెక్కలే జరగలేదనడానికీ లేదు. ఎముకలు వంకరపోయే ఫ్లోరోసిస్‌ను దేశంలో మొదటగా 1937లో వైద్యశాస్త్రానికి పరిచయం చేసింది అప్పటి నెల్లూరు జిల్లాకు చెందిన ఇక్కడి పల్లెలే. కొనకనమిట్లకు ఒక పక్కనున్న పొదిలి అప్పట్లో నెల్లూరు జిల్లా, ఇంకో పక్కనున్న మార్కాపురం కర్నూలు జిల్లా. 1970లో కొత్త జిల్లా (తర్వాతి ప్రకాశం) ఏర్పడేదాకా ఒకే కరువు సీమ గోడు రెండు కలెక్టరాఫీసుల్లో వినపడేది.

1948 ఫ్యాక్టరీల చట్టం తెలియజేయాల్సిన జబ్బుల జాబితా ఇచ్చింది. అందులో ఆంత్రాక్స్ ఉంది, సిలికోసిస్ ఉంది, క్షయ లేదు. జాబితాలోని జబ్బును చూసిన డాక్టరు ఇన్‌స్పెక్టరుకు రాయాల్సి ఉండేది. రాయకపోతే జరిమానా, 1987 సవరణ తర్వాత కూడా వెయ్యి రూపాయలకు మించేది కాదు. పైగా అది ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే కరెంటు వాడితే పదిమంది, వాడకపోతే ఇరవైమంది పనివాళ్ళుండాల్సి వచ్చేది. రేకుల షెడ్డులో అయిదారుగురు రాయి కోసుకునేచోట ఆ చట్టం మామూలుగా గడప తొక్కేది కాదు. పరిహార చట్టంలో సిలికోసిస్‌తో కలిసిన క్షయ పేరైతే చేరింది, మెలికతో సహా: మనిషి పనికిరాకుండా పోవడానికో చావడానికో సిలికోసిస్ ముఖ్య కారణమై ఉండాలి. దాన్ని నిరూపించేదెవరు? ఎక్స్‌రే కవరు సంచిలో పెట్టుకుని ఊళ్ళు తిరిగే రోగా?

క్షయకు వేరే ఖాతా నడిచింది. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం, 1956లో మద్రాసు పరిశోధన కేంద్రం, 1962 నుంచి జాతీయ కార్యక్రమం. ఆ ఖాతా రోగిని చూసింది, క్రిమిని చూసింది, మందు మింగాడా లేదా చూసింది. పని సంగతి చాలాకాలం పక్కనే ఉండిపోయింది. 2012లో క్షయను తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బు చేసి, నిక్షయ్ అనే కంప్యూటర్ నమోదు తెచ్చారు. ఆ తర్వాత చికిత్స కార్డు మీద ముప్పు ఎక్కువున్న వర్గాల గళ్ళు వచ్చాయి: గని కార్మికుడు, వలసవాడు, ఖైదీ, ఆరోగ్య సిబ్బంది, ఇతరులు. ఇన్నేళ్ళకు కార్డు మీద గని మాట కనబడటం చిన్న సంగతి కాదు. మరి షెడ్డులో పలక రుద్దే ఆడమనిషి ఏ గడిలోకి వస్తుంది? ఆమె ఎన్నడూ గనిలోకి దిగలేదు. ఇతరులే గతి.

కొవిడ్ వచ్చినప్పుడు మాత్రం, జబ్బు పని వల్లే వచ్చిందని నిరూపించాలనే ఈ ముడిని ప్రభుత్వం చటుక్కున విప్పింది. 2020 మార్చిలో ఆరోగ్య సిబ్బందికి, ఆశా కార్యకర్తలతో సహా, యాభై లక్షల బీమా ప్రకటించింది. కొవిడ్ పనిలో పెట్టామని సంస్థ ధ్రువపత్రం ఇస్తే చాలు, వైరస్ ఏ రోగి నుంచి సోకిందో చూపమనలేదు. అనుకుంటే అంత సులువు. 2025లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పనిచోట జీవసంబంధ ప్రమాదాల మీద ఏకంగా ఒక ఒప్పందమే ఆమోదించింది. ఆ ఏడాదే నవంబరు 21న మన కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. ఏటా ఉచిత వైద్య పరీక్ష అన్న మాట వాటిలో ఉంది. పదిమంది లెక్క అక్కడా చాలావరకు అలాగే ఉంది.

ఇంతకంటే నన్ను గుచ్చేది పరిహారం నియమాల్లోని ఒక గడువు. పని మానేసినవాడికి జబ్బు లక్షణాలు రెండేళ్ళలోపు బయటపడితే ఆ రోజునే ప్రమాదం జరిగినట్టు లెక్కగడతారు. సిలికోసిస్ తరచూ పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో గాని బయటపడదు, దుమ్ము వదిలి వెళ్ళినా లోపల ముదురుతూనే ఉంటుంది. పలకల పని తగ్గి పశ్చిమ ప్రకాశం నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో బస్సెక్కినవాడు అక్కడ అపార్టుమెంటు కాపలాలో ఉండగా దగ్గు మొదలైతే, తెమడ డబ్బా అందించే ఆరోగ్య కార్యకర్త అడిగేది ఇప్పుడు ఏం చేస్తున్నావనే. ఇరవై ఏళ్ళ కిందట ఏం కోసేవాడివని ఒక్క ప్రశ్న ఎక్కువ వేసి ఆ కార్డు మీదే రాస్తే, ప్రభుత్వానికి దానికయ్యే ఖర్చు సిరాచుక్క.