నిద్రించి మేల్కొనే కావలి



ఉద్యోగ విరమణానంతరం మా చింతమడక పరిసరాల వాడుక మాటలను కంప్యూటరులో కూర్చుకొనే వ్యసనం నాకు అబ్బింది. ప్రతి రాత్రీ పదకొండు గంటలకు వాటికి నకలు తీసేందుకు, నాకు తోచినట్లు ఒక చిన్న స్క్రిప్టు వ్రాసుకొన్నాను. అది "పదకొండైందా? పదకొండైందా?" అని క్షణం విరామం లేక యంత్రాన్ని వేధించేది. ఒక సాయంత్రం ఆ భారానికి నా పాత యంత్రం స్తంభించిపోయింది. ఆ పూట ఒక వృద్ధ నీరడి చెప్పగా వ్రాసుకొన్న తూము మాటలు, వంతుల మాటలు భద్రపరచకముందే పోయాయి. మళ్ళీ అడుగుదామనుకొనే లోపే ఆయన కాలం చేశాడు. ఆ బాధే నా చేత ఈ చరిత్ర చదివించింది.

పూర్వం మనవారికి ఘటికాయంత్రం ఉండేది. అడుగున చిల్లు ఉన్న గిన్నె నీటిపై తేలుతూ, నిండి మునిగితే ఒక ఘడియ, అనగా 24 నిమిషాలు. గిన్నె మునిగినప్పుడే గంట కొట్టేవానికి పని.

కంప్యూటరులో ఆ పనికి నియుక్తమైనది "క్రాన్". గ్రీకు భాషలో కాలవాచకమైన "ఖ్రోనోస్" నుండి ఆ పేరు వచ్చింది. 1979 నాటి యునిక్స్ ఏడవ కూర్పులో అది నిమిషానికొకసారి లేచి, పట్టిక చదివి, వేళ అయిన పని చేయించి, మళ్ళీ నిద్రించేది. ఒక్క పట్టిక ఉన్నంతకాలం ఇది చెల్లింది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఒకే యంత్రాన్ని పంచుకొనే వందమందికీ ఈ సేవను విస్తరింపబోగా భారం మిక్కుటమైంది. ఫ్రాంటా, మేలీ అనే పండితులు 1977లో ప్రకటించిన వ్యాసం ఆధారంగా రాబర్ట్ బ్రౌన్ ఒక ఉపాయం కనిపెట్టాడు. పనులన్నిటినీ వేళల వారీగా వరుసకట్టి, మొదటి పని వేళ వరకు హాయిగా నిద్రించడమే ఆ ఉపాయం. మా నీరడి నీతి ఇదే కదా! వంతులు ముందే నిర్ణయమైతే, తూము ఎత్తే వేళకు కట్టమీదికి వస్తే చాలు.

1987లో పాల్ విక్సీ రచించిన క్రాన్ నిమిషానికొకసారి లేచినా, పట్టిక మారితేనే తిరిగి చదివేది. యంత్రం ఆపి ఉన్నప్పుడు తప్పిన దినచర్యను తర్వాత నెరవేర్చేందుకు "అనాక్రాన్" వచ్చింది. కరెంటు పోయే పల్లెలకు అది వరం.

ఇప్పుడు నా పట్టికలో ఒకటే వరుస: నిమిషం 0, గంట 23, తేదీ, నెల, వారం స్థానాల్లో మూడు నక్షత్రాలు. నకలు వేళకు తయారవుతున్నది. నీరడి మాటలు మాత్రం తిరిగి రాలేదు. అందుకే నేడు పెద్దల నోట ఏ మాట విన్నా, భద్రపరచనిదే కుర్చీ నుండి లేవను.

స్వస్తి.