ఇరుసు కందెన, ఇంజను ఆయిలు

బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయ్యాక దిగువ డెల్టాలో రెండు రవాణా దారులు జోరందుకున్నాయి. ఒకటి బందరు కాలువ మీద పడవల దారి. రెండోది పొలం నుంచి కాలువ ఒడ్డు దాకా ధాన్యం చేరేసే ఎడ్లబండ్ల దారి. పడవకు గడ, తెరచాప, ఒడ్డున తాడు పట్టి లాగే మనుషులు ఉంటే చాలు. బండికి మాత్రం నూనె కావాలి. బస్తాల బరువుతో నల్లరేగడిలో దిగబడుతూ నడిచే చక్రం ఇనుప ఇరుసును తినేస్తుంది.

అందుకే ప్రతి బండి కిందా కందెన గొట్టం వేలాడేది. ఆముదంలో వరిగడ్డి కాల్చిన మసి కలిపి ముద్దలా చేసి, చక్రం ఊడదీసి ఇరుసుకు పట్టించేవారు. ఇది ఈ నేలకు కొత్త కాదు. కందెన లేకపోతే దేవుడి బండి అయినా కదలదన్న మాట సుమతీ శతకంలోనే ఉంది. ఆముదం గింజలు ఇంటి పెరట్లోనో మెరక చేలల్లోనో పండేవి. గింజల్ని వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి పైకి తేలిన వంటాముదాన్ని ఇంట్లోనే తీసుకునేవారు. ఎక్కువ కావాలంటే గానుగ ఉండేది. తలకు, దీపానికి, పసిపిల్లల కడుపుకు, బండి ఇరుసుకు అదే నూనె.

ఆముదం ఇరుసును అంత బాగా ఎలా కాపాడిందో రసాయన శాస్త్రం తర్వాత వివరించింది. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లమే. దాని అణువులో ఉన్న హైడ్రాక్సిల్ గుంపు వల్ల నూనె చిక్కగా ఉంటుంది, లోహాన్ని అంటిపెట్టుకుంటుంది, బరువు పడినా పక్కకు జారిపోదు. ఆ గుణం చూసే పందొమ్మిదో శతాబ్దంలో మన దేశపు రైల్వేలు ఆవిరి ఇంజన్లకు ఆముదం వాడాయి. లండన్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో కార్లకు, విమానాలకు కొత్త నూనె తెచ్చి, అందులో కలిపిన క్యాస్టర్ ఆయిల్ పేరు మీదే దానికి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజన్ల విమానాలు ఆముదంతోనే ఎగిరాయి. తెలుగు పల్లెల బండి ఇరుసు, ఫ్రాన్స్ మీద ఎగిరిన యుద్ధ విమానం ఒకే గింజ మీద ఆధారపడిన కాలం అది.

దాని లోపం కూడా ఆ రోజుల్లోనే బయటపడింది. ఎక్కువ వేడిలో ఆముదం గాలితో కలిసి జిగురై, లోహం మీద పొరలా గట్టిపడుతుంది. గంటల తరబడి తిరిగే ఇంజనుకు అది పనికిరాదు. ఆ చోటును ఆక్రమించింది రాతినూనె.

బందరు రేవుకు అది పరాయి సరుకేమీ కాదు. బంగాళాఖాతం అవతల ఎనాంజావ్ బావుల నూనెతో బర్మా ఆయిల్ కంపెనీ 1886లో మొదలైంది. 1928లో బర్మా-షెల్ ఏర్పడింది. అదే ఏడాది గుడివాడ-భీమవరం రైలు మార్గం వచ్చి గుడివాడ జంక్షన్ అయింది. ధాన్యం అక్కడికి చేరుతుంటే బియ్యం మిల్లులు పెరిగాయి, మిల్లుల్లో ఇంజన్లు తిరిగాయి, వాటి వెనకే బస్సులు, లారీలు. ఏరు దాటితే గాని చేరలేని దివిసీమకు మోటారు బండి నెమ్మదిగా వచ్చింది. లారీలు పెరిగాక ఎడ్లబండి కందెన కూడా మారింది. ఇంజన్లోంచి దించిన నల్లటి పాత ఆయిలు ఊరికే దొరుకుతుంటే ఆముదం ఎవరు పోస్తారు? తర్వాత టైరు బండ్లు, వాటికి బేరింగులు వచ్చాయి. కందెన గొట్టం కనుమరుగైంది.

ఆ కాలం ఒక నమ్మకాన్ని మిగిల్చింది: మన ఎండలకు చిక్కటి ఆయిలే మంచిది. అప్పట్లో అది నిజమే. 40 నంబరు ఆయిలు పోసిన పాత డీజిల్ ఇంజన్లో భాగాల మధ్య సందులు పెద్దవి. పలచటి నూనె ఆ సందుల్లో నిలిచేది కాదు. నేటికీ కొందరు అదే లెక్క చెబుతారు.

ఆ లెక్కను మార్చిన సింథటిక్ నూనె, అంటే రసాయనికంగా తయారు చేసిన నూనె, ఎదిగింది ఎండలో కాదు, మంచులో. రెండో ప్రపంచ యుద్ధంలో రష్యా చలికి మామూలు నూనెలు గడ్డకడుతుంటే జర్మనీలో హెర్మన్ జోర్న్ బృందం ఎస్టర్లతో నూనెలు తయారు చేసింది. తర్వాత జెట్ ఇంజన్లకు ఎస్టర్ నూనెలే దిక్కయ్యాయి. వాటిలో ఒక రకానికి ముడిసరుకైన సెబాసిక్ ఆమ్లం ఆముదం నుంచే వస్తుంది. ఇంజనులోంచి వెళ్లగొట్టిన గింజ ఇలా కొత్త రూపంలో తిరిగొచ్చింది. నేడు ప్రపంచంలో అత్యధికంగా ఆముదం పండించేది భారతదేశమే. కార్లకు మొబిల్ 1 అనే సింథటిక్ ఆయిలు వచ్చింది 1974లో. బాగా శుద్ధి చేసిన రాతినూనెను కూడా సింథటిక్ అని అమ్ముకోవచ్చని 1999లో అమెరికాలో ప్రకటనల వివాదంపై తీర్పు వచ్చింది. అప్పటినుంచి డబ్బా మీద ఆ మాట ఒక్కటే చూసి కొనడంలో అర్థం లేదు.

2022లో హైరైడర్, గ్రాండ్ విటారా, హోండా సిటీ, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్లు మన మార్కెట్లోకి వచ్చాక చిక్కటి ఆయిలా, పలచటిదా అన్న చర్చ డెల్టా గడపలోకీ వచ్చింది. ఈ తరం ఇంజన్లకు టొయోటా సూచించే 0డబ్ల్యూ-16 ఆయిలు చూడగానే బెదురు పుట్టేంత పలచన. 100 డిగ్రీల వేడిలో 40 నంబరు నూనె చిక్కదనం కనీసం 12.5 సెంటీస్టోక్స్ ఉండాలి. 16 నంబరుకు 6.1 ఉంటే చాలు. అయినా ఆ ఇంజన్లోని సందులు, పంపు దానికి తగ్గట్టే కొలిచి చేసినవి. మామూలు వాడకంలో చిక్కటిది పోస్తే రక్షణ పెద్దగా పెరగదు, మైలేజీ తగ్గుతుంది. బందరులో చలికాలపు తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల కిందికి దిగదు కనుక చలిలో నూనె తీరును చెప్పే, ముందున్న సున్నాతో మనకు పెద్దగా పనిలేదు. వెనకున్న 16తోనే పని. అంత పలచగా ఉంటూ ఆవిరైపోని నూనెను మామూలు రాతినూనెతో చేయడం కష్టం. అంటే హైబ్రిడ్‌కు సరైన నూనె ఎలాగూ సింథటిక్కే. దానికి పెట్టే డబ్బు దండగ కాదు. ఆ గ్రేడు, కంపెనీ అడిగిన ప్రమాణం ఉన్న డబ్బాను వదిలి, ప్రీమియం అన్న మాటకు మరో రెట్టు ధర పెట్టడమే దండగ.

హైబ్రిడ్ ఇంజను మాటిమాటికీ ఆగి మొదలవుతుంది కాబట్టి త్వరగా అరుగుతుందన్న భయమూ ఉంది. టొయోటా పద్ధతిలో స్టార్టర్ బదులు పెద్ద మోటారే ఇంజన్ను తిప్పి వేగం అందించాక పెట్రోలు మండుతుంది. మామూలు కారు ఉదయపు స్టార్టు కంటే ఇదే మెత్తన.

అసలు చిక్కు వేడెక్కకపోవడంలో ఉంది. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ దాకా వెళ్లొచ్చే కారులో నూనె బాగా కాగి, అందులో చేరిన తేమ, పెట్రోలు ఆవిరైపోతాయి. బందరులోనే కోనేరు సెంటరు చుట్టూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారు చాలాసేపు బ్యాటరీ మీదే నడుస్తుంది. ఇంజను తిరిగేది కాసేపే, నూనె కాగదు, తేమ అందులోనే ఉండిపోతుంది. ఎంత ఖరీదైన డబ్బా పోసినా దీన్ని ఆపలేదు. అలాంటి కారుకు కిలోమీటర్ల లెక్క చూడకూడదు. మూడు వేలు తిరగకపోయినా మాన్యువల్లో రాసిన నెలల గడువు రాగానే ఆయిలు, ఫిల్టరు మార్పించాలి. బిల్లులో గ్రేడు రాయించుకోవాలి.