స్త్రీలలో సంతాన సామర్థ్య పరిరక్షణ

క్యాన్సర్ చికిత్స, అండాశయ శస్త్రచికిత్స లేదా వయసు కారణంగా అండాలు తరిగిపోకముందే వాటిని, పిండాలను లేదా అండాశయ కణజాలాన్ని భవిష్యత్తు గర్భధారణ కోసం కాపాడే వైద్య విధానాల సముదాయం.

1978 అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ శీతలీకరించిన పిండంతో భారతదేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు జన్మించింది. 1981లో మరణించేవరకూ ఆయనకు గుర్తింపు దక్కకపోవడం విచారకరం. శీతలీకరించిన అండంతో తొలి కాన్పు 1986లో ఆస్ట్రేలియాలో, తిరిగి అమర్చిన అండాశయ కణజాలంతో 2004లో బెల్జియంలో నమోదయ్యాయి.

అండాల నిల్వకు సుమారు 10–14 రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి, పరిపక్వమైన అండాలను సూదితో సేకరిస్తారు. అండంలో నీరు ఎక్కువ; మెల్లగా చల్లబరిస్తే మంచు స్ఫటికాలు కణాన్ని చీలుస్తాయి. అందువల్ల అతివేగంగా గడ్డకట్టించి, −196 డిగ్రీల సెల్సియస్ ద్రవ నత్రజనిలో ఉంచుతారు. రజస్వల కాని బాలికలకు కణజాల నిల్వే మార్గం. కటి భాగానికి రేడియేషన్ ఇచ్చేటప్పుడు అండాశయాలను పక్కకు జరిపి కుడతారు. 35 ఏళ్లు దాటాక సేకరించిన అండాలతో విజయావకాశం తగ్గుతుంది. ఏ పద్ధతీ కాన్పుకు హామీ కాదు.

గుంటూరులో 2019 సెప్టెంబరు 5న డెబ్బై ఏళ్లు పైబడిన మహిళ దాత అండంతో కవలలను ప్రసవించడం ఇలాంటి చికిత్సలకు వయఃపరిమితిపై దేశవ్యాప్త చర్చ రేపింది. 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం ఈ సేవలను 21 ఏళ్లు దాటి, 50 ఏళ్లు నిండని స్త్రీలకు పరిమితం చేసింది. పిండాల నిల్వకు గరిష్ఠ గడువు 10 ఏళ్లు.