కీళ్లు: కదలికల అవగాహన చరిత్ర

రెండు ఎముకలు కలిసే చోటు కీలు. కలిసిన ప్రతిచోటా కదలిక ఉండదు. పుర్రె ఎముకలు పెద్దయ్యాక దాదాపు బిగుసుకుపోతాయి, భుజం మాత్రం అన్ని వైపులా తిరుగుతుంది. ఈ తేడాను పూర్వులు చాలా ముందే పట్టుకున్నారు. కీలు అంత నునుపుగా ఎలా జారుతుందో తెలియడానికి మాత్రం శతాబ్దాలు పట్టింది.

ప్రాచీన వైద్య గ్రంథం సుశ్రుత సంహితలోని శారీరస్థానం అనే భాగం కీళ్లను కదిలేవి, స్థిరమైనవి అని విడదీసింది. కాళ్లూ చేతుల్లో 68, మొండెంలో 59, మెడలో, తలలో 83, మొత్తం 210 అని లెక్క చెప్పింది. ఆకారాన్ని బట్టి ఎనిమిది రకాలు చేసింది. భుజం, తొడ కీళ్లు ఉలూఖలాలు, అంటే రోళ్లు. పుర్రె అతుకులు తున్నసేవని, అంటే కుట్టు; దవడ కీలు వాయసతుండం, అంటే కాకి ముక్కు. దవడలో దిగిన పంటిని కూడా కీలుగానే లెక్కించింది. ఆధునిక శాస్త్రమూ అదే అంటుంది, కాకపోతే దాన్ని కదలని కీళ్లలో చేరుస్తుంది. కంటి, గొంతు వలయాలను కీళ్లనడం మాత్రం నిలవలేదు. అయినా ఇది ఊహించి రాసిన జాబితా కాదు. మృతదేహాన్ని గడ్డితో చుట్టి, ఏడు రాత్రులు పారే నీటిలో ఉంచి, పొర పొరగా గీరి చూడాలని అదే భాగం చెబుతోంది.

రెండో శతాబ్దంలో వైద్యుడు గాలెన్ కూడా రోమ్‌లో కీళ్లను ఇలాగే కదిలేవి, కదలనివి అని విడదీశాడు.

అసలు మలుపు 1743లో వచ్చింది. ఎముకల కొసల మీది మృదులాస్థి నిర్మాణాన్ని శరీర నిర్మాణ శాస్త్రవేత్త విలియం హంటర్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వివరించాడు. అది ఒకసారి పాడైతే తిరిగి బాగుపడదనీ గుర్తించాడు. నేటికీ కీళ్ల వైద్యానికి పెద్ద చిక్కు ఇదే.

ఇప్పటి పాఠ్యపుస్తకాలు బాగా కదిలే కీళ్లను మళ్లీ రకాలుగా చూపిస్తాయి: తుంటి బంతి గిన్నె కీలు, మోచేయి మడత బందు కీలు, మెడలో మొదటి రెండు వెన్నుపూసల మధ్య ఉన్నది బొంగరపు కీలు. మోకాలిని మడత బందు కీలనే అంటారు గానీ ఆ పేరు దానికి చాలదు. కాలు పూర్తిగా చాపేటప్పుడు ముంగాలి ఎముక కాస్త బయటికి తిరిగి బిగుసుకుంటుంది. అందుకే కండరాలకు పెద్దగా శ్రమ లేకుండా నిలబడగలుగుతాం.

పాడైన కీలు బాగుపడనప్పుడు దాని స్థానంలో కృత్రిమ కీలు అమర్చే ప్రయత్నంలో ఇంగ్లండ్ శస్త్రవైద్యుడు జాన్ చార్న్‌లీకి దారి చూపింది ఒక చప్పుడు. అక్రిలిక్ తుంటి అమర్చిన ఒక రోగి కదిలినప్పుడల్లా అది కీచుమనేది. సహజ కీలుకు నునుపునిచ్చే ద్రవం కృత్రిమ కీలుకు పనికిరాదని, స్వతహాగా జారే పదార్థమే కావాలని ఆయన తేల్చాడు. మొదట వాడిన టెఫ్లాన్ త్వరగా అరిగిపోయింది. 1962లో రైటింగ్టన్ ఆసుపత్రిలో 22.225 మిల్లీమీటర్ల ఉక్కు బంతిని పాలిథిలీన్ గిన్నెలో అమర్చాడు. లోహపు బంతి, పాలిథిలీన్ గిన్నెల జత నేటికీ తుంటి మార్పిడిలో వాడుకలో ఉంది.