లేపాక్షి కప్పుమీది చీరలు

హిందూపురమునుండి తూర్పుగా 9 మైళ్లు పోయిన యాత్రికునకు లేపాక్షిలో తొలుత కన్పట్టునది గుడి గాదు, నంది. ఏకశిలయందు మలచిన ఆ వృషభము, సుమారు 27 అడుగుల పొడవును 15 అడుగుల యెత్తును గలిగి, మెడను గంటలపేరులు ధరించి, ఇప్పుడిప్పుడే లేవనున్నదో యనునట్లు తలయెత్తి కూర్చుండి, గుడిలోని నాగలింగముపై దృష్టి నిలిపి యుండును. ఉదయపుటెండ మూపురమును తాకువేళ దానిముందు కొంతతడవు నిలిచి, కూర్మశైలమను గుట్టమీది వీరభద్రాలయమునకు బోయితిని.

క్రీ. శ. 16వ శతాబ్దమున, అచ్యుతదేవరాయలు విజయనగరము నేలుచుండగా, పెనుగొండ సీమయందు అధికారము నెరపిన విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు ఈ ఆలయమును నిర్మింపజేసిరి. రాజధనమును గుడికి వెచ్చించెనను నేరమునకు అంధత్వము శిక్షగా పడిన విరూపణ్ణ, తన కన్నులను తానే పెఱికి గోడకు విసరెనని జనశ్రుతి. ఆ గోడమీది యెఱ్ఱని మరకలను నేటికిని చూపుచుందురు. శాసనములు మాత్రము రాయల పేరును, దేవునికి ధారవోసిన గ్రామములను చెప్పి యూరకుండును. ఆనాటి జనులు ఏమి కట్టిరో, ఎట్లు ముడిచిరో తెలియగోరువాడు శాసనములను విడిచి, తలయెత్తి కప్పును చూడవలయును.

నాట్యమండపమున తుంబురుడు వీణ మీటుచు, బ్రహ్మ మృదంగము వాయించుచు, రంభ యాడుచు స్తంభములమీద నిలిచియున్నారు. వారి తలలకుపైన, కప్పుబండలకు సున్నపుగారను నున్నగా పూసి, కావిరంగు నేలమీద పసుపు, ఆకుపచ్చ, తెలుపు వర్ణములను నింపి, మసినలుపుతో రేఖలు దిద్ది, చిత్రకారులు పార్వతీకల్యాణమును, కిరాతార్జునుల పోరును, ద్రౌపదీస్వయంవరమును వ్రాసిరి. కథలు పురాణములవి, కట్టుబొట్టులు మాత్రము చిత్రకారుని వీథిలోనివి. వరుసగా నిలిచిన స్త్రీలలో ఒకతె చీర చారలది, ఒకతెది గళ్లది, వేఱొకతెది పూలబుటాలది. అంచులు వేఱు, కొంగులు వేఱు. ప్రసాదము నందుకొనుచున్న విరూపణ్ణ పరివారము తలలపై పొడవైన కుళ్లాయిలున్నవి. దేవతలకు వస్త్రములు వ్రాయబోయి ఆ చిత్రకారుడు నేతగాని పనికి లెక్క వ్రాసిపెట్టినాడు.

మధ్యాహ్నము వెలుపలి ఆవరణమున తిరిగితిని. కల్యాణమండపమునకు కప్పు లేదు. పెండ్లికి వచ్చిన దేవతలును మునులును స్తంభములమీద నిలిచియుండగనే పని యాగిపోయినది. దాని చెంతనున్న లతామండపమున స్తంభముఖ మొక్కొక్కటియు మడతవిప్పిన వస్త్రమువలె తోచును: లతల మెలికలు, పక్షుల జంటలు, పూరేకుల చక్రములు. ధర్మవరపు పట్టుచీరల అంచులకు ఈ రాతితో చుట్టరికము గలదని ఆ సీమవారు చెప్పుకొందురు. ఆ స్తంభముల యెదుట నిలిచినవానికి ఆ మాట అతిశయోక్తిగా తోపదు.

సాయంత్రము మరల నాట్యమండపమునకు వచ్చునప్పటికి, నేలకు పూర్తిగా ఆనక వ్రేలాడు స్తంభమువద్ద జనము గుమిగూడి యుండిరి. ఒక ముదుసలి చీరకొంగును ఆ సందున దూర్చి, ఆవలివైపున లాగుకొని, కన్నులకద్దుకొనెను. కప్పుమీది స్త్రీలను ఆమెకు చూపితిని. చేయి నొసట అడ్డము పెట్టుకొని చూచి, "గళ్ల చీరలే గదప్పా! మా అవ్వ ఇట్లాంటివే కట్టుకుంటా ఉండె" అనెను. ఆ పెండ్లి యెవరిదని ఆమె యడుగలేదు.