గాలపు వేటలో స్నాప్ స్వివెల్, నేరు ముడి

గాలపు వేటలో కృత్రిమ ఎరను, అంటే లోహం, చెక్క, ప్లాస్టిక్, రబ్బరు వంటి వాటితో చేసి నీటిలో కదిలిస్తూ చేపను భ్రమింపజేసే లూర్‌ను, దారానికి తగిలించడానికి రెండు ప్రధాన పద్ధతులున్నాయి. మొదటిది దారం కొసకు స్నాప్ స్వివెల్ అనే చిన్న లోహపు సాధనాన్ని కట్టి దాని కొక్కేనికి ఎరను తగిలించడం. రెండవది ఏ సాధనమూ లేకుండా దారాన్ని ఎర ముక్కు దగ్గరి కన్నంలోకి దూర్చి నేరుగా ముడివేయడం. స్నాప్ స్వివెల్ దారానికి పురి ఎక్కకుండా చూడడం, ఎరను త్వరగా మార్చుకోనివ్వడం అనే రెండు వేర్వేరు పనులు చేస్తుంది కనుక, ఎర నీటిలో గిరగిరా తిరిగేదా, ఊగేదా, తేలేదా అన్నదాన్ని బట్టి ఆ పనుల్లో ఏది అవసరమో, ఏది అనవసరపు బరువో నిర్ణయమవుతుంది.

నిర్మాణం

స్వివెల్ అంటే పీపా ఆకారపు చిన్న తొడుగుకు రెండు చివరలా అమర్చిన వలయాల జత. వాటిలో ఒకటి తిరుగుతున్నా రెండవది నిలిచి ఉండగలదు. ఒక వలయానికి సేఫ్టీ పిన్నులా తెరుచుకుని మూసుకునే తీగ కొక్కేన్ని, అంటే స్నాప్‌ను, చేర్చితే అది స్నాప్ స్వివెల్ అవుతుంది. సాధారణ పీపా స్వివెల్ మీద లాగుడు ఎక్కువైనప్పుడు లోపలి లోహపు భాగాలు ఒరుసుకుని తిరుగుడు మందగిస్తుంది. బాల్ బేరింగ్ స్వివెల్‌లో సన్నని గుండ్లు ఆ రాపిడిని తగ్గిస్తాయి కాబట్టి భారం పడినా అది తేలిగ్గా తిరుగుతుంది. స్నాప్‌లలో పలుచని రేకు మడతలోకి తీగ కొసను దోపే రకానికి బలమైన చేప గుంజినప్పుడు తెరుచుకునే ప్రమాదం ఉండగా, తీగ కొస వంగి తన మీదే బిగుసుకునే కోస్ట్‌లాక్ వంటి రకాలు ఎక్కువ నమ్మదగినవి.

దారానికి పురి ఎక్కడం

దారం తన చుట్టూ తానే మెలిపడడాన్ని పురి ఎక్కడం అంటారు. పురి మితిమీరితే దారం వదులైన క్షణంలోనే ఉంగరాలు చుట్టుకుని, తరువాతి విసురుకు చిక్కుపడి, క్రమంగా బలహీనపడుతుంది. దీనికి రెండు మూలాలున్నాయి. మొదటిది దారాన్ని చుట్టే సాధనమైన రీలు. 1905లో ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ పేటెంట్ పొందిన రీలు నుంచి అభివృద్ధి చెందిన స్పిన్నింగ్ రీళ్లలో, దారపు ఉండ కదలకుండా ఉంటే దాని చుట్టూ ఒక తీగ తిరుగుతూ దారాన్ని చుడుతుంది. చేప దారాన్ని లాక్కుపోతూ డ్రాగ్, అంటే దారం జారడాన్ని అదుపుచేసే బిగింపు, జారుతున్న సమయంలో కూడా పిడిని తిప్పుతూ పోతే దారం లోపలికి రాదు సరికదా, ఆ తీగ తిరిగిన ప్రతిసారీ ఒక పురి చేరుతుంది. ఈ తప్పును స్వివెల్ ఒక్కటే సరిచేయలేదు. రెండవ మూలం ఎరే: 1938లో ఫ్రాన్సులో మొదలైన మెప్స్ స్పిన్నర్ వంటి ఎరలలో తీగ చుట్టూ లోహపు రేకు వేగంగా తిరుగుతుంది, ఆ ఊపుకు ఎర మొత్తం తిరగడం మొదలుపెడితే ఆ తిరుగుడు దారంలోకి పాకుతుంది.

స్వివెల్ తగిన సందర్భాలు

అందువల్ల తిరుగుడు రేకుల ఎరలకు, చెంచా ఆకారపు లోహపు ఎరలకు, పడవ వెనుక చాలాసేపు ఈడ్చే ట్రోలింగ్ ఎరలకు స్వివెల్ నిజంగా ఉపకరిస్తుంది. దారాన్ని కొరికి తెంచే పళ్లున్న చేపల వేటలో ఎరకు ముందు లోహపు తీగను లీడర్‌గా వాడతారు; ఆ తీగను ఎరకు మాటిమాటికీ ముడివేయడం కష్టం కాబట్టి దాని ఒక కొసన స్వివెల్, రెండవ కొసన స్నాప్ ఉంచడం ఆనవాయితీ.

నేరు ముడి తగిన సందర్భాలు

నీటిపై తేలుతూ కదిలే ఎరకు ముందు లోహపు బరువు చేరితే ముక్కు కిందికి వాలుతుంది. తేలకుండా, మునగకుండా నీటి మధ్యలో నిలిచేలా తూచి చేసిన ఎరల సమతూకం చిన్న స్వివెల్‌తోనే చెడవచ్చు. జిగ్‌లకు, అంటే సీసపు తల పోసిన కొక్కేలకు, ప్లాస్టిక్ వానపాములకు కూడా నేరు ముడే మేలు, ఎందుకంటే ఇవి ఉన్నచోట తిరిగేవి కావు, పైగా వీటిని చేప నోట పట్టుకున్న సన్నని స్పర్శ దారం గుండా సూటిగా చేతికి అందాలి.

నేరు ముడిలో బిగుతు ముడి, ఉచ్చు ముడి అని రెండు తరగతులున్నాయి. దారాన్ని రెండు పేటలుగా కన్నంలోకి దూర్చి, సాధారణ ముడి వేసి, ఏర్పడిన ఉచ్చులోంచి ఎరను దాటించి బిగించే పాలమార్ ముడి బిగుతు ముడి. నున్నగా జారే అల్లిక దారాలకు, అంటే బ్రెయిడ్‌లకు, ఇది బాగా సరిపడుతుంది. ఉచ్చు ముడిలో కన్నం చుట్టూ చిన్న ఖాళీ ఉంచుతారు కాబట్టి ఎర స్వేచ్ఛగా ఊగుతుంది. ఫిన్లాండుకు చెందిన జాలరి లౌరి రపాలా 1936లో బెండుతో చెక్కిన, గాయపడిన చిరుచేపలా తడబడుతూ ఈదే ఎర నుంచి ప్రఖ్యాతి చెందిన తరహా ఎరలకు ఈ ఊగుడే ప్రాణం. ఆయన పేరు మీద వాడుకలో ఉన్న రపాలా ముడి ఈ తరగతిదే. ఏ ముడినైనా బిగించే ముందు తడిపితే రాపిడి వేడికి నైలాను దెబ్బతినకుండా ఉంటుంది.

మధ్యేమార్గాలు

రెండు పనులనూ విడదీయడం వల్ల మధ్యేమార్గాలు ఏర్పడతాయి. ఎరలను తరచుగా మార్చవలసి ఉండి అవి తిరిగేవి కాకపోతే, స్వివెల్ లేని చిన్న స్నాప్ మాత్రమే వాడవచ్చు. దాని గుండ్రని వంపు ఉచ్చు ముడిలాగే ఎరను ఊగనిస్తుంది. ఎర ముక్కుకు ముందే చుట్టు వలయం, అంటే స్ప్లిట్ రింగ్, ఉంటే స్నాప్ అవసరం ఇంకా తగ్గుతుంది. పురి బెడద ఉండి ఎర దగ్గర బరువు కూడదనుకుంటే, ఎరకు 30 నుంచి 60 సెంటీమీటర్ల ముందు స్వివెల్ కట్టి, అక్కడి నుంచి లీడర్ దారాన్ని నేరుగా ఎరకు ముడివేస్తారు.

తెలుగు ప్రాంతాల్లో

గుర్రపుడెక్క, తామర, నాచు నిండిన చెరువుల్లో కొరమీను కోసం రబ్బరు కప్పలను ఆకుల మీదుగా లాగేటప్పుడు, స్నాప్ స్వివెల్ నాచును పోగుచేసుకుని ఎర కదలికను చెడగొడుతుంది కనుక బలమైన అల్లిక దారాన్ని కప్ప ముక్కుకు నేరుగా ముడివేయడమే అనువైనది. నదీముఖాల్లోని పండుగప్పకు కోసే పళ్లు లేకున్నా గరుకు నోరు, పదునైన మొప్ప కప్పులు ఉంటాయి కాబట్టి మందమైన నైలాను లీడర్‌కు ఉచ్చు ముడి చాలు. సముద్రంలో వంజరం పళ్లు నైలానును ఇట్టే తెంచుతాయి. దానికి తీగ లీడర్, బాల్ బేరింగ్ స్వివెల్, గట్టి స్నాప్ తగినవి. ఉప్పునీటి వేట ముగిశాక ఈ లోహపు భాగాలను మంచినీటితో కడగకపోతే తుప్పు పట్టి తిరగడం మానేస్తాయి, తిరగని స్వివెల్ ఎర ముందు ఉత్త బరువుగానే మిగులుతుంది. నేరు ముడి వాడేవారు కూడా దారం కొస గరుకెక్కినప్పుడల్లా ఆ మేర కోసి కొత్తగా ముడివేయవలసి ఉంటుంది.