ఒకే బల్ల చుట్టూ: దక్షిణ ఇండియా సంఘ ఆవిర్భావం

మన తాతముత్తాతల కాలంలో తెలుగు పల్లెలోని క్రైస్తవుడు ఏ శాఖకు చెందినవాడన్నది చాలావరకు ఆ ఊరికి మొదట వచ్చిన మిషనును బట్టి నిర్ణయమయ్యేది. గుంటూరు ప్రాంతంలో లూథరన్లు, నెల్లూరు, ఒంగోలులలో బాప్టిస్టులు, జమ్మలమడుగులో లండన్ మిషనువారు, మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టులు, దోర్నకల్‌లో ఆంగ్లికన్లు సేవ చేశారు. ఐరోపాలో పుట్టిన భేదాలు, వాటి కారణాలైనా ఎరుగని మన పల్లెవాసులకు ఈ విధంగా వారసత్వంగా సంక్రమించినవి.

ఈ వారసత్వం మనకేల అన్న ప్రశ్న తమిళ తీరంలోని తరంగంబాడిలో గట్టిగా వినిపించినది. 1706లో ప్రొటెస్టెంటు మిషనరీ జీగన్‌బాల్గు అడుగిడిన ఆ రేవులో, 1919 మే మాసంలో 33 మంది సంఘ సేవకులు సమావేశమై ఐక్యతకు పిలుపునిచ్చారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. వారిలో ప్రముఖుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి సీమలో జన్మించిన ఈ తమిళుడు దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చి, తెలుగువారి మధ్యనే జీవితం గడిపారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయినది ఆయనే.

పిలుపు సులభమే, ఒప్పందం దుర్లభమైనది. ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ శాఖలు 1908లోనే దక్షిణ ఇండియా ఐక్య సంఘంగా ఏర్పడినవి. ఆ సంఘంతో ఆంగ్లికన్ల చర్చలు ఆరంభం కాగా, 1925లో వెస్లియన్లు చేరారు. చిక్కంతా ఒక్క ప్రశ్న వద్ద: బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందని పాదిరి నిజమైన పాదిరియేనా? అవునంటే ఆంగ్లికన్ల సంప్రదాయానికి భంగం; కాదంటే ఇతరుల సేవకు అవమానం. తుదకు ఇరుపక్షాలూ ఒక మెట్టు దిగివచ్చాయి. అప్పటికే సేవలో ఉన్న పాదిరులను తిరిగి అభిషేకించకుండానే స్వీకరించుట, ఇకపై అభిషేకాలు బిషప్పుల ద్వారా జరుగుట అన్నదే ఆ పరిష్కారం.

ఇరువది ఎనిమిది సంవత్సరాల ఓర్పు 1947 సెప్టెంబరు 27న ఫలించినది. మద్రాసులోని సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భవించినది. ఆ దినం చూసే భాగ్యం అజరయ్యగారికి దక్కలేదు. ఆయన 1945 జనవరి 1న కన్నుమూశారు.

ఆ ఐక్యత సంపూర్ణమని చెప్పలేము. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు అనేకులు నాడు వెలుపలే నిలిచారు. తెలుగు లూథరన్లు, బాప్టిస్టులు తమ సంఘాలను విడిగానే నిలుపుకున్నారు. అయినను 1964లో రాజమండ్రిలో స్థాపితమై, తరువాత హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో ఈ సంఘాలవారు కలిసి పాదిరులను తయారుచేయుటకు పూనుకొన్నారు. ఒకటిగా చేరలేకపోయినా కలిసి పనిచేయవచ్చునని అది నిరూపించినది.

వేర్వేరు ఇళ్ళ నుండి వచ్చి ఒకే బడిగంటకు లేచి నిలిచిన మనకు ఈ చరిత్ర చెప్పునది ఒక్కటే. ఒకరు మరొకరిని మింగివేయుట ఐక్యత కాదు. ఎదుటివాని సేవను సేవగా గుర్తించిననాడే అది మొదలవుతుంది.